జన్యువు ఉంది, నీరందలేదు: ఎన్‌హాన్సర్లూ క్రొమాటిన్ మడతలూ

పచ్చిమిరపకాయను నిలువుగా చీల్చి చూస్తే తొడిమ కింద నుంచి దిగే తెల్లని మెత్తటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. గింజలన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. కారానికి మూలమైన కాప్సైసిన్ తయారయ్యేది ఆ పట్టీ పైపొర కణాల్లో. గింజలో తయారు కాదు. గింజ నమిలినా నోరు మండుతుందంటే, అది పట్టీకి ఒరుసుకుని ఉండబట్టే. గుంటూరు యార్డుకు వచ్చే ప్రతి టిక్కీ (మిరప బస్తా) ధరలో ఈ పట్టీ వాటా ఉంటుంది. కాప్సైసిన్ తయారీలో చివరి మెట్టు దాటించే జన్యువు పేరు పన్1. అది పట్టీలో ఎలా ఉందో ఆకులో, వేరులో, గింజలో కూడా అలాగే, అక్షరం తేడా లేకుండా ఉంది. అయినా ఆకు కొరికితే కారం ఉండదు. పట్టీలో కూడా చాలా రకాల్లో కాయ పడిన 20 రోజుల వరకు పెద్దగా ఏమీ జరగదు. ఆ తర్వాత కాప్సైసిన్ పేరుకుంటూ పోయి 40–50 రోజులకు నిండుకు వస్తుంది.

జన్యువు ఉండటం వేరు, అది పలకడం, అంటే దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు, ప్రోటీన్ తయారవడం వేరు. పిండం ఎదుగుదల అంతా ఈ రెండో సంగతే. ఒకే కణం నుంచి కాలేయం, మెదడు, బొటనవేలు పుట్టేటప్పుడు జన్యువులు మారవు. ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పలకాలన్నది మారుతుంది.

మరి కూరకు కొనే క్యాప్సికంలో కారం ఎందుకు లేదు? అందులో పన్1 దగ్గర సుమారు 2,500 అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఎగిరిపోయిందని 2005లో తేలింది. అక్షరం అంటే ఇక్కడ ఒక బేసు జత. పోయిన ముక్కలో దాదాపు 1,800 అక్షరాలు జన్యువుకు ముందుండే స్విచ్చి, అంటే ప్రమోటర్‌వి, మిగతావి జన్యువు మొదటి భాగానివి. స్విచ్చితో పాటు మోటారు కూడా కొంత పోయింది కాబట్టి దీన్ని అచ్చమైన నియంత్రణ లోపం అనకూడదు. అతిఘాటు మిరప జాతి క్యాప్సికం చైనెన్స్ ఇంకా మంచి ఉదాహరణ. కారం తయారీ జన్యువులను లేపే ఎంవైబీ31 అనే ప్రోటీన్ ఒకటుంది. ఆ జాతిలో దాని ప్రమోటర్‌లో వచ్చిన మార్పు వల్ల అది ఎక్కువ పలుకుతుంది, దాంతో ఘాటు పెరుగుతుంది. అక్కడ మారింది కారం చేసే యంత్రం కాదు, దానికి వచ్చే ఆర్డరు.

మిరప జన్యురాశిని (మొత్తం డీఎన్‌ఏను) 2014లో చదివినప్పుడు అది దాదాపు 350 కోట్ల అక్షరాలని లెక్క తేలింది. మనిషి కన్నా కాస్త ఎక్కువే. దాని చుట్టమైన టమాటాకు ఉన్నవి 90 కోట్లే. జన్యువులు మాత్రం రెండింటిలోనూ 35 వేల చుట్టుపక్కలే. తేడా అంతా చోట్లు మారుతూ తమను తాము నకలు చేసుకునే ట్రాన్స్‌పోజాన్లది. మనిషిలో ప్రోటీన్ చేసే జన్యువులు సుమారు 20 వేలు, వాటి అసలు రాత మొత్తంలో 2 శాతం లోపే. మిగతాదంతా చెత్త అని కొట్టిపారేసిన రోజులు ఉన్నాయి. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మళ్లలో దున్నకుండా వేసే మొక్కజొన్నే దానికి జవాబు. దాని అడవి పూర్వీకురాలు టియోసింటె గుబురుగా పిలకలు వేసే గడ్డి. మొక్కజొన్న ఒంటి కాండంతో నిలబడటానికి ముఖ్య కారణం టీబీ1 జన్యువు ఎక్కువగా పలకడం. అలా పలికిస్తున్నది దానికి 60 వేల అక్షరాల ముందు వచ్చి దిగిన హాప్‌స్కాచ్ అనే ట్రాన్స్‌పోజాన్. దూరంగా ఉండి జన్యువును లేపే ఇలాంటి డీఎన్‌ఏ ముక్కనే ఎన్‌హాన్సర్ అంటారు.

ఈ మాట 1981లో పుట్టింది. ఎస్‌వీ40 అనే కోతి వైరస్‌లో 72 అక్షరాల వరుస ఒకటి పక్కపక్కన రెండుసార్లు ఉంటుంది. ఆ ముక్కను కుందేలు బీటా గ్లోబిన్ (రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగం) జన్యువుతో కలిపి, ల్యాబుల్లో పెంచే హీలా అనే మనిషి కణాల్లో పెడితే జన్యువు పలుకు 200 రెట్లు పెరిగింది. ముక్కను తలకిందులు చేసినా, వేల అక్షరాల దూరం జరిపినా, జన్యువు వెనకకు చేర్చినా పనిచేసింది. ప్రమోటర్ అలా కాదు. అది జన్యువు గుమ్మంలోనే, ఒకే దిక్కుగా ఉండాలి.

అంత దూరం నుంచి ఎలా పనిచేస్తుందో తెలియాలంటే డీఎన్‌ఏ ఎలా సర్ది ఉందో చూడాలి. మనిషి కణంలోని డీఎన్‌ఏ సాగదీస్తే 2 మీటర్లు. అది ఇమిడి ఉన్న కేంద్రకం అడ్డకొలత 6 నుంచి 10 మైక్రాన్లు. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్లు కలిసిన ఉండ మీద 147 అక్షరాల డీఎన్‌ఏ ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. దాన్ని న్యూక్లియోజోమ్ అంటారు. ఆ తర్వాత 20–50 అక్షరాల ఖాళీ, మళ్లీ ఇంకో ఉండ. ఈ మొత్తం సరంజామా క్రొమాటిన్. జన్యువులను లేపే నియంత్రక ప్రోటీన్లు ఒక్కొక్కటి 6 నుంచి 12 అక్షరాల గుర్తును వెతుక్కుంటాయి. ఆ గుర్తు ఉండకు చుట్టుకుపోయి ఉంటే చాలా ప్రోటీన్లకు చిక్కదు. ఫాక్స్‌ఏ, గాటా వంటి కొన్ని మాత్రం చుట్టు మీదే పట్టు దొరికించుకుంటాయి. దారి చేసేవి ఇవే కాబట్టి వీటిని పయనీర్ ప్రోటీన్లు అంటారు. కాలేయం పుట్టబోయే కణాల్లో, కాలేయ జన్యువులు ఇంకా పలకకముందే, ఫాక్స్‌ఏ వచ్చి కూర్చుని ఉంటుంది.

తెరిచిన చోటుకు ముద్రలు కూడా పడతాయి. హెచ్3 హిస్టోన్ తోకలో 27వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలితే అది పనిలో ఉన్న ఎన్‌హాన్సర్ గుర్తు. అదే చోట మూడు మిథైల్ గుంపులు తగిలితే పాలీకోంబ్ ప్రోటీన్లు జన్యువును మూసి ఉంచాయని అర్థం. ఒకే లైసిన్ మీద రెండూ ఒకేసారి ఉండలేవు.

విజయవాడలో ఉండేవారికి ఈ ఏర్పాటు చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు నిండుగా ఉన్నంత మాత్రాన దివిసీమలోనో రేపల్లెలోనో మడి తడవదు. లస్కరు తూము షట్టరు ఎత్తాలి. ఎత్తమని ఆయకట్టు నుంచి ఇండెంటు రావాలి. కాలువ గట్టు తెగకుండా ఉండాలి. షట్టరు క్రొమాటిన్, ఇండెంటు ఎన్‌హాన్సర్, గట్టు గురించి కింద చూద్దాం. పోలిక ఒక చోట మాత్రం కుదరదు. కాలువలో నీరు ధారగా పారుతుంది, జన్యువు మాత్రం వానజల్లులా కొట్టి ఆగుతుంది. కొన్ని నిమిషాలు ఆర్‌ఎన్‌ఏ వరసగా వస్తుంది, తర్వాత నిశ్శబ్దం. ఎన్‌హాన్సర్ చేసేది ఎక్కువగా జల్లులను దగ్గర దగ్గరగా రప్పించడం.

ఎన్‌హాన్సర్ లెక్క కట్టే తీరుకు పండు ఈగ పిండం కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. అర మిల్లీమీటరు పొడవున్న ఆ పిండంలో, గుడ్డు పెట్టిన సుమారు మూడు గంటలకు, ఈవ్ అనే జన్యువు ఏడు అడ్డగీతలుగా పలుకుతుంది. రెండో గీతకు 480 అక్షరాల ప్రత్యేక ఎన్‌హాన్సర్ ఉంది. బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు దాన్ని లేపుతాయి. తల వైపు నుంచి జెయింట్, తోక వైపు నుంచి క్రూపెల్ అణచివేస్తాయి. లేపేవి ఉండి అణచేవి లేని సన్నటి పట్టీలో మాత్రమే గీత పడుతుంది. క్రూపెల్ తీసేస్తే గీత తోక వైపు, జెయింట్ తీసేస్తే తల వైపు ఒలికిపోతుంది. ఎన్‌హాన్సర్‌ను ఆన్, ఆఫ్ స్విచ్చి అనడం ఇందుకే సరిపోదు. నాలుగు ప్రోటీన్ల మోతాదు కలిపి ఒక జవాబు ఇచ్చే లెక్కల పుస్తకం అది.

మనుషుల్లో ఈ సంగతి ప్రాణం మీదకు వచ్చే చోటు రక్తం. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు, తలసీమియా మేజర్, ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరో నెల చుట్టుపక్కల పాలిపోవడం మొదలవుతుంది. గుంటూరు, విజయవాడల్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ‘పుట్టినప్పుడు ఏమీ లేదండీ’ అనడంలో అబద్ధం లేదు. 11వ క్రోమోజోమ్ మీద గ్లోబిన్ జన్యువులు వాడే వరుసలోనే పేర్చి ఉన్నాయి: మొదట ఎప్సిలాన్, తర్వాత రెండు గామాలు, డెల్టా, చివర బీటా. పిండం తొలి వారాల్లో పచ్చసొన సంచిలో ఎప్సిలాన్ పలుకుతుంది. తర్వాత కాలేయంలో గామా, పుట్టుక దగ్గరపడ్డాక ఎముక మజ్జలో బీటా. పుట్టిన బిడ్డ హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగం గామాతో చేసిన హెచ్‌బీఎఫ్ కాబట్టి బీటా లోపం బయటపడదు. గామా మూతపడే కొద్దీ బయటపడుతుంది.

ఈ వరుస మొత్తానికి నీరు ఇచ్చేది ఎప్సిలాన్‌కు 6 వేల నుంచి 22 వేల అక్షరాల ముందున్న ఐదు ఎన్‌హాన్సర్ తరహా చోట్ల గుంపు. దాన్ని ఎల్‌సీఆర్ అంటారు. బీటా జన్యువు దానికి సుమారు 50 వేల అక్షరాలు, ఆ పైన దూరంలో ఉంది. మధ్య డీఎన్‌ఏ మెలికగా వంగితే ఎల్‌సీఆర్ ఏ జన్యువు దగ్గరకు చేరితే అది పలుకుతుంది. 1980ల మొదట్లో ఒక డచ్ కుటుంబంలో తలసీమియా పరీక్షిస్తే వింత కనిపించింది. బీటా జన్యువు చెక్కుచెదరలేదు, దాని ముందు 2,500 అక్షరాలు కూడా భద్రంగా ఉన్నాయి. ఆ జన్యువును తీసి వేరే కణాల్లో పెడితే చక్కగా పలికింది. రోగి కణాల్లో మాత్రం మూసుకుపోయి ఉంది. కారణం, దానికి ముందు దాదాపు లక్ష అక్షరాలు ఎగిరిపోయాయి, వాటితో పాటే ఎల్‌సీఆర్ పోయింది. జన్యువు ఉంది, నీరందలేదు.

ఇది అరుదైన రకమే. అయినా రోగులకు పరీక్షలు రాసే డాక్టర్లకు దీనివల్ల ఒక చిక్కు ఉంది. తలసీమియా వాహకులను పట్టుకునేది ఎక్కువగా హిమోగ్లోబిన్ రకాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హెచ్‌బీఏ2 అనే రకం ఎంతుందో చూసి. 3.5 శాతం దాటితే బీటా తలసీమియా మైనర్ అంటారు. హెచ్‌బీఏ2 తయారీకి కావలసింది డెల్టా గ్లోబిన్. ఎల్‌సీఆర్ పోయిన క్రోమోజోమ్ మీద బీటాతో పాటు డెల్టాకు కూడా నీరు ఉండదు కాబట్టి హెచ్‌బీఏ2 పెరగదు. ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి, ఐరన్ మామూలుగా ఉంటుంది, హెచ్‌బీఏ2 మామూలుగా ఉంటుంది. అలాంటివారిని ఆల్ఫా తలసీమియా లెక్కలోనో, ఐరన్ మాత్రల లెక్కలోనో వేసేసే ప్రమాదం ఉంది. బీటా జన్యువు అక్షరాలు చదివించినా ఏమీ దొరకదు. ముక్కలు పోయాయా అని చూసే ఎంఎల్‌పీఏ పరీక్ష అవసరం. ఇలాంటి బిడ్డకు గామా కూడా తక్కువే కాబట్టి పుట్టుకతోనే రక్తహీనత కనిపించవచ్చు.

దీనికి అవతలి వైపు వైద్యం ఉంది. పెద్దయ్యాక గామాను మూసి ఉంచే ప్రోటీన్ బీసీఎల్11ఏ. దాన్ని తీసేస్తే గామా మళ్లీ లేస్తుంది. కానీ ఆ జన్యువు మెదడుకూ, బీ లింఫోసైట్లకూ కావాలి, మొత్తంగా పాడుచేయకూడదు. ఇక్కడే ఎన్‌హాన్సర్ పనికొచ్చింది. బీసీఎల్11ఏ జన్యువు రెండో ఇంట్రాన్‌లో (జన్యువు మధ్యలో ఉండి ప్రోటీన్ రాతలోకి రాని భాగం) ఎర్రకణాల వంశంలో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్ ఉంది. అందులో గాటా1 ప్రోటీన్ కూర్చునే గుర్తును క్రిస్పర్ కత్తెరతో కోస్తే ఎర్రకణాల్లో మాత్రం బీసీఎల్11ఏ తగ్గి, హెచ్‌బీఎఫ్ పెరుగుతుంది. ఈ చికిత్స, క్యాస్‌జెవీ, 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది (అమెరికాలో మొదట సికిల్ సెల్ జబ్బుకు, తలసీమియాకు 2024 జనవరిలో). రోగి మూలకణాలను తీసి, కోసి, బుసల్ఫాన్ మందుతో పాత మజ్జను ఖాళీ చేసి తిరిగి ఎక్కించాలి. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. మన దగ్గర రక్తం సంచుల కోసం తిరిగేవారికి అది వార్త మాత్రమే.

ఇక గట్టు సంగతి. ఎన్‌హాన్సర్ లక్షల అక్షరాల దూరం వెళ్లగలిగితే దారిలో ఉన్న ప్రతి జన్యువునూ ఎందుకు లేపదు? 2009లో డీఎన్‌ఏలో ఏ చోటు ఏ చోటును తాకుతోందో చూసే హై-సీ అనే పద్ధతి, 2012లో దానితో గీసిన పటాలు ఒక జవాబు ఇచ్చాయి. క్రోమోజోమ్ లక్షల అక్షరాల పొడవున్న ఆయకట్టులుగా విడిపోయి ఉంది. వాటిని టాడ్‌లు అంటారు. ఒక టాడ్ లోపలి చోట్లు తమలో తాము ఎక్కువగా, పక్క టాడ్‌తో తక్కువగా తాకుతాయి. కొహీసిన్ అనే ఉంగరం లాంటి ప్రోటీన్ డీఎన్‌ఏను లాగుతూ మెలికను పెంచుకుంటూ పోతుంది. ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఉన్న, సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ కూర్చునే గుర్తులు అడ్డొచ్చిన చోట ఆగుతుంది. ఆ గుర్తు దిక్కు తిప్పితే మెలిక మారిపోతుంది. మొక్కల్లో సీటీసీఎఫ్ లేదు. మిరపలోనో మొక్కజొన్నలోనో ఇలాంటి గడులు కనిపించినా వాటిని ఇదే సూత్రంతో చదవడం పొరపాటు.

గట్టు తెగితే ఏమవుతుందో 2015లో చేతివేళ్ల లోపాలున్న కుటుంబాల్లో చూశారు. ఈపీహెచ్ఏ4 జన్యువు ఉన్న టాడ్‌లో కాళ్లూచేతుల ఎన్‌హాన్సర్లు ఉన్నాయి. సరిహద్దు పోవడంతో అవి పక్క టాడ్‌లోని పాక్స్3, డబ్ల్యూఎన్‌టీ6, ఐహెచ్‌హెచ్ జన్యువులకు నీరు పెట్టాయి. దేనికి పెట్టాయన్నదాన్ని బట్టి వేళ్లు పొట్టిగా, అతుక్కుని, లేదా ఎక్కువగా వచ్చాయి. ఎలుకల్లో అలాగే ముక్క తీసేసి, సరిహద్దును మాత్రం ఉంచితే లోపం రాలేదు. పోయిన అక్షరాల సంఖ్య కన్నా గట్టు ఉందా లేదా అన్నదే తేల్చింది.

ఈ సిద్ధాంతాన్ని మరీ సాగదీయడం కూడా జరిగింది. 2017లో మనిషి కణాల్లో కొహీసిన్‌ను కొద్ది గంటల్లో మాయం చేస్తే మెలికలన్నీ పోయాయి, కానీ పలుకు బాగా మారిన జన్యువులు కొద్దివే. ఎలుకల్లో పది కాళ్ల ఎన్‌హాన్సర్లను ఒక్కొక్కటిగా తీసేస్తే కాళ్లు మామూలుగానే వచ్చాయని 2018లో తేలింది. ఒకే జన్యువుకు చెందిన రెండు కలిపి తీసినప్పుడే లోపం కనిపించింది. పిండానికి ముందుజాగ్రత్త ఎక్కువ, ఒక తూముకు రెండో తూము తోడు పెట్టుకుంటుంది. అప్పటికే కుదురుకున్న కణంలో గట్టు తీసినా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. కొత్తగా జన్యువులు లేవాల్సిన వేళ, అంటే ఎదుగుదలలో, ఆ లోటు బయటపడుతుంది. ప్రస్తుతానికి అందిన ఆధారాలకు ఇదే దగ్గరగా ఉన్న వివరణ.

పటాలు చూసి నమ్మే ముందు అవి ఎలా తయారవుతాయో తెలిసి ఉండాలి. తెరిచిన చోట్లు చూడటానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది అటాక్-సీక్. సుమారు 50 వేల కేంద్రకాలు, టీఎన్5 ఎంజైమ్, 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు. ఎంజైమ్ తెరిచిన చోట దూరి కోసి గుర్తు అతికిస్తుంది. జెల్ మీద ముక్కలు మెట్లుగా రావాలి: అతికించిన గుర్తుల పొడవు తీసేస్తే, 100 అక్షరాల చుట్టుపక్కల ఖాళీ చోటువి, 200 దగ్గర ఒక న్యూక్లియోజోమ్‌వి, 400 దగ్గర రెండింటివి. మెట్లు లేకుండా పులిమినట్టు వస్తే చచ్చిన కణాల డీఎన్‌ఏ కలిసిందని, లేదా కేంద్రకాలు పగిలాయని అనుమానించాలి. కణాలు తక్కువై ఎంజైమ్ ఎక్కువైతే మూసిన చోట్లు కూడా తరిగి, అన్నీ తెరిచినట్టే కనిపిస్తాయి. మిరప పట్టీ లాంటి మొక్క కణజాలంతో అదనపు తలనొప్పి ఏమిటంటే, కేంద్రకాలు శుభ్రంగా విడదీయకపోతే చదివిన అక్షరాల్లో పెద్ద వాటా క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియాలదే అవుతుంది. వాటికి హిస్టోన్ ఉండలు లేవు కాబట్టి టీఎన్5‌కు అవి విందు.

హిస్టోన్ ముద్రలు చూసే చిప్-సీక్‌లో ప్రోటీన్లు డీఎన్‌ఏకు అతుక్కునేలా కణాలను 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో పది నిమిషాలు ఉంచి గ్లైసిన్‌తో ఆపుతారు. మొక్క ముక్కలకైతే మందు లోపలికి ఇంకడానికి వాక్యూమ్ పెట్టాలి. అరగంట వదిలేస్తే అతుకు గట్టిపడి, 200–500 అక్షరాల ముక్కలుగా విరగాల్సిన డీఎన్‌ఏ విరగదు, ముద్రను పట్టే యాంటీబాడీకి గుర్తు అందదు. హై-సీ పటంలో నాణ్యతకు డబ్బే కొలత. పదిరెట్లు సూక్ష్మంగా చూడాలంటే వంద రెట్లు చదవాలి, ఎందుకంటే పటం రెండు దిక్కులా సాగుతుంది. పైగా అది లక్షల కణాల సగటు. ఆ మెలిక ఏ ఒక్క కణంలోనూ రోజంతా ఉండదు.

ఎసిటైల్ ముద్ర ఉంది కాబట్టి ఎన్‌హాన్సర్ అని రాసేయడం మాత్రం తొందరపాటు. ఆ ముక్కను చిన్న ప్రమోటర్, నీలం రంగిచ్చే జన్యువుతో కలిపి పదకొండున్నర రోజుల ఎలుక పిండంలో ఎక్కడ రంగు వస్తుందో చూడటం పాత పద్ధతి, ఇప్పటికీ గట్టి పద్ధతి. అది కూడా ‘లేపగలదు’ అనే చెబుతుంది. సొంత చోట ఏ జన్యువును లేపుతోందో చెప్పాలంటే అక్కడే కోసి చూడాలి.

అలా కోసి చూసినవాటిలో బాగా తెలిసింది జెడ్‌ఆర్‌ఎస్. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును చేతుల్లో, కాళ్లలో లేపే ఈ 800 అక్షరాల ఎన్‌హాన్సర్ ఆ జన్యువుకు దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, ఎల్‌ఎంబీఆర్1 అనే సంబంధం లేని జన్యువు ఐదో ఇంట్రాన్‌లో ఉంది. ఎలుకలో తీసేస్తే కాళ్లు మొండిగా మిగులుతాయి. పాముల్లో ఇందులో 17 అక్షరాల ముక్క పోయింది. మనిషిలో ఒక్క అక్షరం మారితే చాలు, పలకకూడని బొటనవేలి వైపు కూడా పలికి అక్కడ అదనపు వేలు రావచ్చు. చిటికెన వేలి పక్కన వచ్చే ఆరో వేలికి కారణాలు చాలావరకు వేరు.

బొటనవేలి వైపు అదనపు వేలు తరతరాలుగా వస్తున్న ఇంట్లో ఎక్సోమ్ పరీక్ష చేయించి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తే అది తప్పు రిపోర్టేమీ కాదు. ఎక్సోమ్ చదివేది ప్రోటీన్ రాత ఉన్న ఆ 2 శాతం లోపు భాగాన్నే, జెడ్‌ఆర్‌ఎస్ అందులో లేదు. 800 అక్షరాలే కాబట్టి దాన్ని విడిగా పీసీఆర్ చేసి శాంగర్ పద్ధతిలో చదివించడం తేలిక, ఎక్సోమ్ కన్నా చవక. దానికి కూడా దొరకనిది ఒకటుంది. జెడ్‌ఆర్‌ఎస్ ముక్క మొత్తం రెట్టించి ఉంటే, ఉండాల్సిన రెండు ప్రతులకు బదులు మూడు ఉన్నా అక్షరాలు అవే కాబట్టి శాంగర్ పటం నున్నగా వస్తుంది. అప్పుడు లెక్కపెట్టే పరీక్ష కావాలి, క్యూపీసీఆర్ గానీ మైక్రోఅర్రే గానీ.